మహమ్మారి మొదటి వారాల్లో రుజువు కోసం ఆగాలా? వెంటనే కదలాలా?

ప్రభాతం:
కొత్త అంటువ్యాధి బయటపడిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది. "కేసులు ఇంకా తక్కువే కదా, అప్పుడే ఇంత హడావుడి ఎందుకు?" అని. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. కేసులు తక్కువగా ఉన్నప్పుడే అందరూ కలిసి కదలాలి. ఆసుపత్రులు నిండాక మొదలుపెడితే నష్టం ఎక్కువ, ఫలితం తక్కువ.

1918 ఫ్లూ నాటి రెండు అమెరికా నగరాలనే తీసుకోండి. ఫిలడెల్ఫియాలో సెప్టెంబర్ మధ్యలోనే జబ్బు కనిపించింది. అయినా 28న యుద్ధ బాండ్ల (యుద్ధ ఖర్చుకి జనం దగ్గర అప్పు తీసుకునే పత్రాల) ఊరేగింపు ఆపలేదు. దాదాపు 2 లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. బళ్లు, థియేటర్లు, చర్చిలు మూసేసరికి అక్టోబర్ 3 అయింది. సెయింట్ లూయిస్‌లో సామాన్య ప్రజల్లో మొదటి కేసులు అక్టోబర్ 5న బయటపడితే, 7న మూసివేతలు మొదలయ్యాయి. 2007లో పరిశోధకులు పాత మరణాల లెక్కలు తీసి పోల్చారు. జబ్బు అన్నిటికంటే ముదిరిన వారంలో ఫ్లూ, న్యుమోనియాల వల్ల ఫిలడెల్ఫియాలో లక్ష జనాభాకి 257 మంది మామూలు కంటే అదనంగా చనిపోయారు. సెయింట్ లూయిస్‌లో ఆ సంఖ్య 31.

సందేహి:
ప్రభాతం గారూ, ఆ రెండు నగరాల కథ ప్రతి చర్చలోనూ వస్తుంది. జబ్బు తూర్పు తీరానికి ముందు చేరింది, సెయింట్ లూయిస్‌కి చూసి జాగ్రత్తపడే సమయం దొరికింది. పైగా నవంబర్‌లో ఆంక్షలు సడలించగానే అక్కడా మళ్లీ పెరిగింది. మొత్తం మరణాలు చూస్తే తేడా ఎనిమిది రెట్లు కాదు, రెండు రెట్లే.

1976 సంగతి కూడా మాట్లాడుకోవాలి కదా. న్యూజెర్సీలోని ఒక సైనిక శిబిరంలో పంది ఫ్లూతో ఒక సైనికుడు చనిపోయాడు. 1918 మళ్లీ వస్తుందన్న భయంతో అధ్యక్షుడు ఫోర్డ్ దేశమంతటికీ టీకా వేయిస్తామని మార్చిలోనే ప్రకటించారు. 4 కోట్లకు పైగా జనం వేయించుకున్నారు. మహమ్మారి మాత్రం రాలేదు. టీకా తీసుకున్న కొందరికి గిలియన్ బారే అనే నరాల జబ్బు వచ్చింది. సుమారు లక్షకి ఒక అదనపు కేసు. డిసెంబర్‌లో ఆపేశారు. తొందరపాటుకీ మూల్యం ఉంటుంది, అది జనం నమ్మకం రూపంలో కట్టాలి.

లెక్కలమాస్టారు:
కేసులు మూడు రోజులకోసారి రెట్టింపవుతున్నాయి అనుకోండి. ముప్పై రోజుల్లో పదిసార్లు రెట్టింపు, అంటే వెయ్యి రెట్లు. ఇవాళ వంద, నెల తిరిగేసరికి లక్ష. తొమ్మిది రోజులు ఆలోచించుకుంటే ఎనిమిది రెట్ల సమస్య ముందుంటుంది. ఇవాళ పరీక్షలో తేలిన కేసు కూడా కొన్ని రోజుల కిందట సోకినదే. మనం చూస్తున్నది ఎప్పుడూ పాత బొమ్మే.

1976 ఉదాహరణ మంచిదే గానీ, సందేహి గారు రెండు రకాల నిర్ణయాలని ఒకే గాటన కట్టారు. సభలు రద్దు చేస్తే, జబ్బు రాదని తేలాక మళ్లీ పెట్టుకోవచ్చు. వేసిన టీకాని వెనక్కి తీయలేం. వెనక్కి తీసుకోగలిగిన చర్యకి తక్కువ రుజువు చాలు, తీసుకోలేని చర్యకి గట్టి రుజువు కావాలి. 1976లో టీకా తయారు చేసి నిల్వ పెట్టుకుని, జబ్బు పాకుతుందో లేదో చూసి వేసే వీలుండేది. తయారీనీ వేయడాన్నీ ఒకే నిర్ణయంగా కట్టేయడం అసలు తప్పు.

నీలాంబరి:
"అందరూ కలిసి" అంటున్నారు, బాగుంది. ఆ బరువు ఎవరి మీద పడుతుందో కూడా చెప్పండి.

2014 ఆగస్టులో ఎబోలా పెరుగుతున్నప్పుడు లైబీరియా ప్రభుత్వం రాజధాని మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ అనే పేదల వాడని రాత్రికి రాత్రి దిగ్బంధించింది. ముళ్లకంచెలు వేశారు, సైనికులని దింపారు. గొడవల్లో కాల్పులు జరిగి ఒక పిల్లవాడు చనిపోయాడు. పది రోజులకే ఎత్తేయాల్సి వచ్చింది. వేగంగా కదిలారు, నిజమే. కానీ మనుషులని తమవైపు తిప్పుకోలేదు.

అదే ఎబోలాలో అంత్యక్రియల విషయం దీనికి పూర్తిగా భిన్నంగా నడిచింది. చనిపోయిన వారి శరీరంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, కడగడం, తాకడం వల్ల చాలామందికి సోకింది. మొదట్లో ముసుగులు వేసుకున్న బృందాలు వచ్చి శవాన్ని తీసుకెళ్లిపోయేవి. కన్నవాళ్లని చివరిసారి చూసుకోనివ్వకపోతే ఎవరు ఊరుకుంటారు? కుటుంబాలు జబ్బునీ మరణాన్నీ దాచడం మొదలుపెట్టాయి. నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మార్చింది. కుటుంబం దగ్గర ఉండొచ్చు, ఇమామ్ గానీ పాస్టర్ గానీ ప్రార్థన చేయొచ్చు, శరీరాన్ని మాత్రం తాకకూడదు. జనాన్ని ఆ పనిలో భాగం చేశాకే దాచడం తగ్గింది. నాకు సమష్టి చర్య అంటే ఇది.

కోవిడ్ వచ్చినప్పుడు, 2020 మార్చి 24 రాత్రి మన దేశంలో నాలుగు గంటల గడువుతో లాక్‌డౌన్ ప్రకటించారు. వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచారు. న్యూజిలాండ్ కూడా ఆ వారమే మూసింది, ఆ నిర్ణయం ప్రకటించింది 102 కేసులు ఉన్నప్పుడు, ఒక్క మరణం కూడా లేకముందే. కానీ జీతాల సాయం మార్చి 17నే ప్రకటించింది. అంత జనాభా, అంత పేదరికం ఉన్న దేశంతో న్యూజిలాండ్‌ని పోల్చకూడదని అంటారు, ఒప్పుకుంటాను. అయినా డబ్బు ముందు, తాళం తర్వాత అన్న వరస ఏ దేశానికైనా సాధ్యమే. రోజు కూలితో బతికేవాడికి ఇంట్లో ఉండమని చెప్పి తిండి ఏర్పాటు చేయకపోతే, వాడు బయటికి రావడం బాధ్యతారాహిత్యం కాదు.

సందేహి:
మాస్టారూ, సభలు మళ్లీ పెట్టుకోవచ్చు, సరే. బడి మాటేమిటి? 2020లో ఒక దశలో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు ఆగింది. కొన్ని దేశాల్లో ఏడాది దాటినా బళ్లు తెరవలేదు. ఎనిమిదేళ్ల పిల్లకి పోయిన రెండేళ్లు ఎవరు తిరిగి ఇస్తారు? కాబట్టి మూసివేత కూడా కొంతకాలం దాటితే మీరు చెప్పిన "వెనక్కి తీసుకోలేని" చర్యే. మూసే అధికారం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. తెరిచే రోజు ఎవరు నిర్ణయిస్తారు? అక్కడే నా భయమంతా.

లెక్కలమాస్టారు:
బడి విషయంలో మీ మాట సరైనది. కాలం కూడా లెక్కలోకి రావాలి.

ప్రభాతం:
సందేహి గారూ, గడువు లేని ఆంక్షని నేనూ సమర్థించను. ప్రతి ఆంక్ష పెట్టిన రోజునే దాని చివరి తేదీ కూడా ప్రకటించాలి. పొడిగించాలంటే కారణాలు, లెక్కలు బయటపెట్టి మళ్లీ అనుమతి తీసుకోవాలి. నీలాంబరి గారు చెప్పిన సాయం కూడా అదే ఉత్తర్వులో ఉండాలి.

దేశాల మధ్య సంగతి ఎవరూ ఎత్తలేదు. 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కోవిడ్ వైరస్ కొత్త రకం ఒమిక్రాన్‌ని కనిపెట్టి, దాచకుండా వెంటనే ప్రపంచానికి చెప్పారు. వారికి దక్కింది విమానాల నిషేధం. నిజం చెప్పినవారికి శిక్ష పడుతుంటే రేపు ఎవరు త్వరగా చెప్తారు? 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాల సమావేశం) మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. కానీ వైరస్ నమూనాలు పంచుకున్న దేశాలకి టీకాల్లో వాటా ఎలా దక్కాలన్న కీలకమైన భాగాన్ని ఆ రోజు తేల్చలేదు, తర్వాత చర్చించే అనుబంధానికి వదిలేశారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది. మొదటి వారం వార్త బయటికి రాకపోతే మనం ఇక్కడ వాదించుకునే త్వరపాటంతా వృథా.

నీలాంబరి:
అవును. దేశానికైనా కూలీకైనా సూత్రం ఒకటే, నిజాయితీగా నడుచుకున్నవారు నష్టపోకూడదు.

సందేహి:
చివరి తేదీ, సాయం డబ్బు, ఈ రెండూ జబ్బు రాకముందే చట్టంలో రాసి ఉంటే, మొదటి కేసులకే వారం రోజుల మూసివేతకి నేను ఒప్పుకుంటాను. ఆ తర్వాత ప్రతి రోజుకీ రుజువు చూపించాలి.

లెక్కలమాస్టారు:
వారం చాలదు. సోకినవారికి లక్షణాలు కనిపించాలి, పరీక్ష జరగాలి, ఫలితం రావాలి. కోవిడ్ లాంటి జబ్బైతే ఆంక్ష పనిచేసిందో లేదో తెలియడానికే రెండు వారాలు పడుతుంది. మూడు వారాలు ఇవ్వండి, బళ్లని మాత్రం అన్నిటికంటే ముందు తెరుద్దాం.