పాత స్పోర్ట్స్ కారుకు ఏ బ్రేక్ ప్యాడ్లు మంచివి?

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లె. 2006 మోడల్ మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే 200 ఉంది, ప్రాణంగా చూసుకుంటాను. ముందు ప్యాడ్లు అరిగిపోయాయి.

రేసింగ్ ట్రాక్ మాట లేదు. రోజూ కాలవగట్టు రోడ్లు, ఆదివారం చించినాడ వంతెన దాటి రాజోలు వైపు. మా రోడ్లు తెలుసు కదా, మలుపు తిరిగితే ఎదురుగా గేదెలో, ఆరబోసిన ధాన్యమో. రొయ్యల లారీల నుంచి కారే నీళ్లతో రోడ్డెప్పుడూ తడే. అందుకే బ్రేక్ చల్లగా ఉన్నప్పుడు కూడా మొదటి తొక్కుకే పట్టాలి. వేడెక్కితే తప్ప సరిగా పట్టని రేసింగ్ ప్యాడ్లు నాకొద్దు.

సిరామిక్ ప్యాడ్లయితే చప్పుడు, దుమ్ము తక్కువంటారు. లోహం కలిపిన సెమీ మెటాలిక్ వేడిని బాగా తట్టుకుంటుంది గానీ, ప్యాడ్ నొక్కి ఆపే చక్రపు డిస్కుని ఎక్కువ తినేస్తుందని మెకానిక్ భయపెడుతున్నాడు. పోయినసారి చవకగా దొరికాయని వేయించినవి వర్షంలో ఆలస్యంగా పట్టాయి, ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

డిస్కుల మందం కొలిపించాను, బాగానే ఉంది. బ్రేక్ ఆయిల్ (డాట్ 4 రకం) కూడా మార్పిస్తున్నాను. ఇలాంటి తడి రోడ్ల మీద ఈ రెండు రకాల ప్యాడ్లూ వాడినవాళ్లుంటే, ఏది వేయించమంటారు? వెనక ప్యాడ్లు సగం ఉన్నాయి, వాటినీ ఇప్పుడే మార్చేయాలా?