కురు కురు కురురిన్: తెలుగులో ఏమందాం?

పోస్టు:

"మామయ్యా, కర్ర గిర్రుమంటూనే ఉంది, ఆగదేం?" అంది మా మేనకోడలు. ఆగదు. ఆటంతా అదే.

మా పెదనాన్నగారి అబ్బాయి కొన్నేళ్ళు జపాన్‌లో ఉద్యోగం చేసి తిరిగొస్తూ చేత్తో పట్టుకుని వీడియో ఆటలు ఆడే పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఒకటి, దానిలో పెట్టే ఆటల కార్ట్రిడ్జులు గుప్పెడు తెచ్చాడు. మా ఇంట్లో జపనీస్ ముక్క వచ్చినవాళ్ళు లేరు. అయినా ఎనిమిదేళ్ళ పిల్ల వాటిలో ఒకదాన్ని పట్టుకుని వదలడం లేదు. తెర మధ్యలో ఒక కర్ర, తనంతట తాను ఒకే వేగంతో తిరుగుతూ ఉంటుంది. దాన్ని గోడలకు తగలనివ్వకుండా ఇరుకు సందుల్లోంచి అవతలి కొసకు చేర్చాలి. తగిలితే మూడు హార్టుల్లో ఒకటి పోతుంది. మలుపు దగ్గర ఆగి, కర్ర సందుకు సమంగా వచ్చిన క్షణం చూసి దూరాలి. రెప్పపాటు ఆలస్యమైతే అడ్డం తిరిగి టక్కున గోడకు కొట్టుకుంటుంది. దీనికి భాషెందుకు? టైము అంకెల్లో కనిపిస్తుంది, హార్టులు బొమ్మల్లో కనిపిస్తాయి.

నాకు ఆట కంటే లేబుల్ మీది పేరు మీద ధ్యాస పోయింది. ఎనిమిది అక్షరాలు. మొదటిది పక్షి ముక్కు తెరిచినట్టుంటుంది, రెండోది మన మూడంకెకు కింద చిన్న ముడి వేసినట్టుంటుంది. ఈ జంట మూడుసార్లు, ఆ తర్వాత ఇంకో రెండక్షరాలు. ముక్కు అక్షరం 'కు', ముడి అక్షరం 'రు'. వెరసి "కురు కురు కురురిన్". 2001 మార్చిలో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌తో పాటే జపాన్‌లో విడుదలైంది. తర్వాత యూరప్‌కి వెళ్ళింది, అమెరికా అంగళ్ళకు అప్పట్లో వెళ్ళలేదు. 2002లో వచ్చిన రెండో భాగం 'కురురిన్ పారడైజ్' అయితే జపాన్ దాటనే లేదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి దేశాల తాళం లేదు కాబట్టి ఎక్కడి కార్ట్రిడ్జ్ ఎక్కడైనా నడిచేది. 2011లో అదే కంపెనీ తెచ్చిన 3డీఎస్ అనే పరికరానికి ఆ తాళం వేశారు.

అసలు సంగతికొస్తాను. జపనీస్‌లో 'కురుకురు' అంటే గిరగిర. వాళ్ళకు ఇలాంటి జంట మాటలు కొల్లలు. చప్పుడును అనుకరించేవాటిని గియోంగో అంటారు, చప్పుడు లేని తీరును, స్థితిని పట్టి చూపేవాటిని గితైగో అంటారు. 'కురుకురు' రెండో రకం, మన 'తళతళ' లాగా.

ఇంతవరకు వింత లేదు. వింతల్లా 'కురురిన్' దగ్గర. 'కురుకురు' అంటే ఆగకుండా తిరగడం. 'కురురి', 'కురురిన్' అంటే ఒక్క చుట్టు తిరగడం. జంటను విరిచి, సగానికి ఒక తోక తగిలిస్తే మాటిమాటికీ జరిగేది కాస్తా ఒక్కసారి జరిగేదవుతుంది. 'కిరకిర' అంటే మిలమిల, 'కిరరి' అంటే ఒక్క మెరుపు.

ఇప్పుడు మనవి చూడండి. తళతళ, తళుక్కున. టపటప, టప్పున. గబగబ, గభాలున. గిరగిర, గిర్రున. అదే విరుపు, అదే తోక! వాళ్ళ 'రి', 'రిన్' చేసే పని మన 'ఉన', 'ఉక్కున', 'ఆలున' చేస్తున్నాయి. కాబట్టి నా లెక్కలో ఆ ఆట పేరు తెలుగులో "గిర గిర గిర్రున". మాటకు మాట సరిపోయింది, లయ కూడా పోలేదు.

ఇంగ్లీషువాళ్ళకు ఈ సౌకర్యం తక్కువ. యూరప్‌లో ఈ పేరును అలాగే ఉంచేశారు. 2000లో గేమ్‌బాయ్ కలర్‌కి 'కోరో కోరో కిర్బీ' అని ఇంకో ఆట వచ్చింది. చేతిలోని పరికరాన్ని ఎటు వంచితే తెర మీది గుండ్రటి కిర్బీ అటు దొర్లుతాడు. 'కోరోకోరో' అంటే చిన్న గుండ్రటి వస్తువు దొర్లే తీరు. ఇది అమెరికాకు వెళ్ళినప్పుడు పేరు 'టిల్ట్ అండ్ టంబుల్' అయింది. తీరును చూపే మాట పోయి, వంచు, దొర్లు అని రెండు క్రియలు వచ్చి కూర్చున్నాయి.

పెద్దలు తప్పులుంటే దిద్దాలి.

వ్యాఖ్య:
బాగుంది గానీ 'గిరికీ'ని మరిచారు. 'గిరికీలు కొట్టాడు' అంటాం కదా. మీరే చెప్పిన ఆటలో కురురిన్ అన్నది హీరో పేరు కూడానూ, తప్పిపోయిన తోబుట్టువుల్ని వెతుక్కుంటూ బయల్దేరే పక్షిపిల్ల. అంటే ఆ మాట అక్కడ నామవాచకమైంది. 'గిర్రున' అని ఎవరికైనా పేరు పెట్టగలమా? 'గిర గిర గిరికీ' అంటే మాటా నిలుస్తుంది, పేరూ నిలుస్తుంది.

పోస్టు పెట్టినవారు:
ఓడిపోయాను గురువుగారూ. వాడి వాహనం పేరు హెలిరిన్. దాన్ని హెలికీ అనమంటారేమో!

వ్యాఖ్య:
మా దిక్కు 'కండ్లు గిర్రున తిరిగినయ్' అంటం. ఒక్కసారి తిరుగుడు కాదది, కండ్లు తిరిగితే తిరుగుతనే ఉంటయ్ గద అన్నా. మరి మీ ఒక్క చుట్టు సూత్రం యాడ నిలుస్తది?

పోస్టు పెట్టినవారు:
మంచి దెబ్బే కొట్టావు తమ్ముడూ. బొంగరం కూడా గిర్రున తిరుగుతుంది, అదీ ఒక్క చుట్టుతో ఆగదు. 'తళుక్కున', 'టప్పున' ఒక్కసారికే నిలుస్తాయి, 'గిర్రున' మాత్రం కొంచెం జారుతుంది. దానిలో లెక్క కంటే ఊపు ఎక్కువ వినిపిస్తోందేమో. హఠాత్తుగా అందుకున్న వేగం అనుకుంటే కండ్లకూ సరిపోతుంది, బొంగరానికీ సరిపోతుంది.

వ్యాఖ్య:
ఈ రెండు భాషలకూ చుట్టరికం ఉందని ఎక్కడో చదివాను. తమిళం నుంచి జపనీస్ పుట్టిందట కదా?

వ్యాఖ్య:
అది ఓనో సుసుము అనే జపాన్ భాషావేత్త వాదం. తమిళానికీ జపనీస్‌కీ సంబంధం ఉందని ఆయన చాలాకాలం రాశారు. భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. జంట మాటలు చూసి చుట్టరికం కలపడం అసలే ప్రమాదం, కొరియన్‌లో కూడా ఇవి కుప్పలుగా ఉన్నాయి. మన దేశంలోనే చూడండి. ద్రావిడ భాషల్లోనూ ఆర్య భాషల్లోనూ ఈ మాటలు ఒకే అచ్చులో ఉన్నాయని 1969లో ఎమెనో అనే భాషావేత్త పెద్ద వ్యాసం రాశాడు. ఆయన దాన్ని రక్తసంబంధం అనలేదు, ఇరుగుపొరుగు సంబంధం అన్నాడు.

పోస్టు పెట్టినవారు:
అవునండి, నేను చుట్టరికం అనడం లేదు. అచ్చు ఒకటే, అందులో పోసిన లోహం వేరు. చెవిని నమ్మి అర్థం చెబితే బోల్తా పడతాం. జపనీస్‌లో 'గిరగిర' అనే మాట నిజంగానే ఉంది, దాని అర్థం తిరగడం కాదు, కళ్ళలో పొడిచినట్టు మెరవడం, మిట్టమధ్యాహ్నపు ఎండ లాగా. వాళ్ళ 'కిరకిర' నక్షత్రాల మెరుపు, మన కిర్రు కొత్త చెప్పులది. వాళ్ళ 'గురుగురు' పెద్ద వస్తువు తిరగడం, మన గుర్రు మా తాతయ్యది.

వ్యాఖ్య:
కురుకురు అని చదవగానే చిప్స్ ప్యాకెట్ అనుకున్నా.

వ్యాఖ్య:
హిందీలో కుర్‌కురా అంటే కరకరలాడేది. అక్కడ పంటి చప్పుడు, జపాన్‌లో కర్ర తిరుగుడు. పైన వారు చెప్పిందే మళ్ళీ!

వ్యాఖ్య:
ఒక సంగతి ఎవరూ అనలేదు. జపనీస్‌లో మొదటి హల్లు క, త లాంటిది కాక గ, ద లాంటి సరళమైతే బరువు పెరుగుతుంది. కురుకురు తేలిక, గురుగురు బరువు. కోరోకోరో గులకరాయి, గోరోగోరో బండరాయి. తోన్‌తోన్ అని తలుపు మెల్లగా తడతారు, దోన్‌దోన్ అని బాదుతారు. మనకూ ఉంది. చినుకులు టపటప, తలుపు దబదబ. మెరిస్తే తళతళ, మండితే ధగధగ.

వ్యాఖ్య:
రెండు జతలు దొరికితే సూత్రం అయిపోదండీ. నిప్పులు కణకణ, గంట గణగణ. ఇందులో ఏది బరువు? కరకర జంతికలది, గరగర గొంతుది. తెలుగులో అక్కడక్కడ జత కుదిరింది, అంతే. జపనీస్‌లో అది నియమం, కొత్త మాట పుట్టినా దానికి బరువైన జోడు ఎలా ఉంటుందో అందరికీ తెలుస్తుంది. చిన్నయసూరి ఉండి ఉంటే ఇలాంటివాటిని యథాప్రయోగంబుగ గ్రాహ్యంబులు, అంటే వాడుకలో ఎలా ఉంటే అలా తీసుకోవాలి, అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు.

పోస్టు పెట్టినవారు:
ఒప్పుకుంటాను. అయితే ఇంకో పోలిక గట్టిదనిపిస్తోంది, దీన్నీ కొట్టి చూడండి. వాళ్ళు ఈ మాటల వెనక 'తో' అనే ప్రత్యయం పెడతారు, 'కిరకిర తో' అని. ఎవరో అన్న మాటను చెప్పేటప్పుడు వాడేదీ ఆ 'తో'నే, అంటే మన 'అని'. మనం 'తళతళమని మెరిసింది' అంటాం, 'వస్తానని చెప్పింది' అంటాం. నగ కూడా ఏదో అన్నట్టే లెక్క.

వ్యాఖ్య:
ఇది మాత్రం కొట్టలేను.

వ్యాఖ్య:
అన్నయ్యగారూ, భాష అక్కర్లేని ఆటలు ఇంకేమున్నాయి? మా అబ్బాయికి కావాలి.

పోస్టు పెట్టినవారు:
మావాడు తెచ్చినవాటిలో 'రిథమ్ తెన్‌గోకు' ఉందమ్మా, 2006లో జపాన్‌లో మాత్రమే వచ్చింది. తెన్‌గోకు అంటే స్వర్గం. పాట తాళానికి బటన్ నొక్కడమే పని. చెవి ఉంటే చాలు, చదువు అక్కర్లేదు. అందులో ముగ్గురు వరసగా చప్పట్లు కొడతారు, మూడోవాడి చప్పట్లు మన వంతు. వాళ్ళ పేరు 'పాచిపాచి ముగ్గురు'. పాచిపాచి అంటే చప్పట్ల చప్పుడు, మంటలో పుల్లలు పేలే చప్పుడు కూడా అదే. మనకు చప్పట్లకూ పుల్లలకూ కలిపి ఒకే మాట లేదు, పుల్లలైతే చిటపట. అదే ఏడాది 'బిట్ జెనరేషన్స్' అని ఏడు చిన్న ఆటలు వచ్చాయి, అవీ జపాన్‌కే. వాటిలో 'సౌండ్‌వాయేజర్' కళ్ళు మూసుకుని ఇయర్‌ఫోన్లతో ఆడేది. మా అమ్మ కూడా ఆడింది. ఒత్తులు చేసుకుంటూ ఆడతానంది గానీ చేతులు చాల్లేదు.

వ్యాఖ్య:
తిరగడానికి గిరగిర దొరికింది, సరే. దొర్లడానికి? 'కోరోకోరో'ని తెలుగులో ఏమంటారు? పాము జరజర, ఏరు బిరబిర. గోళీకి ఏముంది?

వ్యాఖ్య:
దొర్లు అన్న క్రియలోనే ఆ చప్పుడుంది. మా వైపు 'డొల్లింది' అంటాం. వేరే జంట మాట అక్కర్లేకపోయిందేమో.

పోస్టు పెట్టినవారు:
ఇది చదివి ఇప్పుడే మా మేనకోడలికి ఇత్తడి గిన్నెలో గోళీ వేసి తిప్పి చూపించాను. ఏమంటావే దీన్ని అని అడిగితే, తల కూడా ఎత్తకుండా "డొల డొల డొల్లున" అంది. నేను దానికి ఈ చర్చ చదివి వినిపించలేదు. 'డొల్లున' అని ఎక్కడైనా ఉందేమో నిఘంటువు దగ్గరున్నవారు చూసి చెప్పండి. నాది ఊళ్ళో ఉండిపోయింది.