నిజాం పాలన మంచిదో చెడ్డదో ఎక్సెల్ షీటు చెప్తుందా?

దండకవిలె (చర్చ మొదలుపెట్టినవారు)

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. "బ్రిటిష్ వాళ్లు నేరుగా ఏలిన జిల్లాల కంటే సంస్థానాలే బాగుపడ్డాయని ఆర్థికవేత్తలు లెక్కలతో తేల్చేశారు, కాబట్టి నిజాం పాలనే మేలు" అని. సగం మంది చప్పట్లు, సగం మంది తిట్లు.

మూలం వెతికితే 2010లో లక్ష్మీ అయ్యర్ ప్రచురించిన పరిశోధన తగిలింది. మంచి భూములున్న ప్రాంతాలనే ఈస్టిండియా కంపెనీ ఏరి కలుపుకుంది కాబట్టి, రెండు రకాల జిల్లాలను ఊరికే పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక చెడుతుంది. అందుకని ఆమె గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలాన్ని పట్టుకుంది. 1848 నుంచి 1856 దాకా, సొంత వారసుడు లేకుండా రాజు పోతే ఆ రాజ్యం కంపెనీ పాలయ్యేది. రాజుకు కొడుకు పుట్టడానికీ ఆ నేల సారానికీ సంబంధం ఉండదు గదా, అదీ కిటుకు. అట్లా వడగట్టి చూస్తే, స్వాతంత్ర్యం వచ్చి దశాబ్దాలు గడిచాక కూడా నేరుగా ఏలిన జిల్లాల్లో బడులు, ఆరోగ్య కేంద్రాలు, రోడ్లు తక్కువగా తేలాయి. పంట దిగుబడిలో మాత్రం తేడా ఏమంత లేదు.

నన్ను తొలుస్తున్నది నిజాం మంచిచెడ్డల కన్నా ఈ పద్ధతి సంగతి. చరిత్రను ఇట్లా లెక్కగట్టి తేల్చవచ్చునా? చరిత్ర చదివిన స్నేహితులు ఛీ అంటున్నారు, ఎకనామిక్స్ వాళ్లు లెక్క లేనిది కట్టుకథ అంటున్నారు. మీరేమంటారు?

మూసీ ఒడ్డు

ముప్పయ్యేళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి, నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నాను. ఈ లెక్కల చరిత్రకు 1993లో నోబెల్ కూడా వచ్చింది, ఆర్థికవేత్తలు ఫోగెల్‌కూ డగ్లస్ నార్త్‌కూ కలిపి. అదే ఫోగెల్, ఎంగర్‌మన్‌తో కలిసి 1974లో అమెరికా బానిసత్వం మీద ఒక పుస్తకం తెచ్చాడు. లూసియానాలో బారో అనే తోట యజమాని తన డైరీలో ఎవరిని ఎప్పుడు కొరడాతో కొట్టించాడో రాసుకున్నాడు. వీళ్లు దాన్ని లెక్కేసి, మనిషికి ఏడాదికి సగటున 0.7 సార్లు కొరడా దెబ్బలు, అంటే ఒకసారి కూడా లేదు అన్నారు. చరిత్రకారుడు హెర్బర్ట్ గట్‌మన్ అదే డైరీ తీసి, ఆ తోటలో సగటున నాలుగున్నర రోజులకొకసారి ఎవరో ఒకరిని కొట్టారని చూపించాడు. కళ్లెదుట ఐదో రోజుకొకడు దెబ్బలు తింటుంటే మిగతావాళ్లు ఎట్లా బతికి ఉంటారు? మొదటి అంకె ఆ భయాన్ని మాయం చేసింది.

ఇక మన దగ్గరికి రండి. నిజాం రాజ్యంలో రమారమి 40 శాతం నేల జాగీర్లు, సర్ఫేఖాస్ (నిజాం సొంత భూములు). సర్వే, సెటిల్‌మెంటు మొదట జరిగింది దివానీ ఊళ్లలో, అంటే సర్కారు నేరుగా శిస్తు తీసుకునే ఊళ్లలో. జాగీరు లెక్క జాగీర్దారు కచేరీలోనే ఉండేది. వెట్టి మనిషికి కూలి ఇవ్వరు కాబట్టి అది ఏ ఖర్చుల పద్దులోనూ ఎక్కదు. బాధ ఎక్కడ ఎక్కువో కాగితం అక్కడే తక్కువ. ఉన్న కాగితం మీద రిగ్రెషన్ (అంకెల మధ్య సంబంధం తేల్చే గణాంక పద్ధతి) నడిపితే వచ్చేది కాగితాల చరిత్రే.

ఎక్సెల్ పంతులు

సార్, మీ ఉదాహరణ నాకే పనికొస్తుంది. గట్‌మన్ ఫోగెల్‌ను ఓడించింది కవిత్వంతో కాదు, మళ్లీ లెక్కబెట్టి. హారంలో మనుషుల బదులు రోజులు పెట్టాడు, అంతే. "బానిసల బాధ మీ అంకెలకు అందదు" అని ఊరుకుని ఉంటే ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇంకొకటి. పల్లెల్లో భూమిలేని కూలీలు తెల్లవాళ్ల పాలనలోనే పుట్టారు, అంతకుముందు అందరికీ చారెడో బారెడో నేల ఉండేది అని చాలాకాలం అందరూ నమ్మారు. 1965లో చరిత్రకారిణి ధర్మా కుమార్ మద్రాసు ప్రెసిడెన్సీ జనాభా లెక్కలూ, పాత కలెక్టర్ల అంచనాలూ, కులాల వివరాలూ కలిపి చూసి, పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారని చూపించింది. దానిమీద ఇప్పటికీ వాదులాట ఉంది, ఉండనివ్వండి. కానీ స్వర్ణయుగం కథను కదిలించినది అంకెలే. కులం పేరుతో నేలకు దూరం పెట్టిన సంగతిని తెల్లదొరల ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం కుదరలేదు.

ఆ ఫార్వర్డ్ తప్పు, ఒప్పుకుంటాను. సంస్థానాల సగటులో తిరువాన్కూరూ ఉంది, మనమూ ఉన్నాం. 1901 లెక్కల్లో చదవను రాయను వచ్చినవాళ్లు అక్కడ నూటికి పన్నెండు మంది, ఇక్కడ నూటికి ముగ్గురు. సగటు నిజమే కావచ్చు, అందులోంచి హైదరాబాదును ఊడబెరకడమే తప్పు. పైగా నిజాం రాజ్యం డల్హౌసీ చేతిలో అట్లా పోలేదు, ఆ కిటుకు మనను కొలవనే లేదు.

పాలమూరు పిల్లగాడు

అన్నలారా, లూసియానా దాంక ఎందుకు పోతరు. మా అమ్మమ్మోళ్లది అలంపూరు. తుంగభద్రకు ఇటు మేము, అటు కర్నూలు. నడుమ ఏరు తప్ప ఇంకేం లేదు. అదే ఎండ, అదే వాన, అదే నల్లరేగడి, మాట గూడ దగ్గర దగ్గర ఒకటే. ఇటు నిజాం, అటు ఇంగ్లీషోడు. రెండు గట్ల మీద ఊర్లను పట్టుకోని బడులెన్ని, బావులెన్ని, వెట్టి ఎంత అని చూస్తే తేలిపోదా? మా అమ్మమ్మ అయితే లెక్క లేకుండనే చెప్తది, దొర గడీ ముంగట చెప్పులు తొడిగేటోడు లేకుండె అని.

మూసీ ఒడ్డు

తమ్మీ, ఆలోచన బాగుంది. అయితే అలంపూరు అప్పట్లో రాయచూరు జిల్లా, పాలమూరు కాదు. పాలమూరు రికార్డుల్లో వెతికితే దొరకదు. కర్నూలు కూడా 1839 దాకా నవాబుదే. అప్పుడు గానీ కంపెనీ నేరుగా పట్టుకోలేదు. ఆ తర్వాత 1860లలో అటు గట్టున కర్నూలు-కడప కాలువ తవ్వారు. ఇటు కాలువ లేదు. ఇప్పుడు నీకు కనిపించే తేడా పాలనదా, కాలువదా?

ఎక్సెల్ పంతులు

కాలువ పాలనలోంచి వచ్చిందే కదా సార్. ఎవరు ఏలారన్నది మారితే ఎవరు తవ్వారన్నదీ మారుతుంది. కాలువను తీసేసి పోల్చమంటే వైద్యం చేయించుకున్నవాణ్ణి మందు ప్రభావం తీసేసి చూపించమన్నట్టు ఉంటుంది. పిల్లగాడి పోలిక సరైనదే, జవాబు ఏ ప్రశ్నకో ముందు చెప్పుకుంటే చాలు.

షికస్తా

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూర్చునే అలవాటున్నదాన్ని. మీరిద్దరూ కాగితం చేతికొచ్చాక ఏం చేయాలో కొట్లాడుకుంటున్నారు. చేతికొచ్చే ముందు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే అసలు తప్పులు అక్కడే జరుగుతాయి.

మొదటిది సంవత్సరం. నిజాం రికార్డు ఫసలీ అనే శిస్తు సంవత్సరంలో ఉంటుంది. 1340 ఫసలీ అంటే 1930 అక్టోబరు నుంచి 1931 అక్టోబరు దాకా. మామూలుగా 590 కలిపి ఊరుకుంటారు, ఇక్కడైతే 1930 వస్తుంది. ఆర్థికమాంద్యంలో ధాన్యం ధరలు పడిపోయిన కాలం అది. ఆ పట్టికను మద్రాసు ధరల పక్కన పెడితే మన దగ్గర ధరలు నెలల ముందే పడ్డట్టు కనిపిస్తుంది. ఎవరో ఒకరు దానిమీద ఒక సిద్ధాంతం కూడా కట్టేస్తారు.

రెండోది రూపాయి. ఇక్కడ నడిచింది హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయలు 6 ఇస్తే ఇక్కడివి 7. ఒక నివేదికలో హాలీ, ఇంకొకదానిలో కల్దార్ (బ్రిటిష్ రూపాయి), మూడోదానిలో ఏదో రాయనే రాయరు. మార్చకుండా కలిపేస్తే ఒక్క ఏడాదిలో ధర ఆరో వంతు పెరిగినట్టు తేలుతుంది. బజారులో మాత్రం ఏమీ పెరగలేదు.

మూడోది శేరు. ఒక తాలూకా శేరు పక్క తాలూకా శేరు కాదు. "రూపాయికి ఇన్ని శేర్ల జొన్నలు" అన్న పట్టిక చూసి సంబరపడే ముందు ఏ శేరో అడగాలి.

ఇవన్నీ సరిచేయవచ్చు, పంతులుగారి పక్షాన ఆ మాట చెప్తున్నాను. కానీ సరిచేసే ఓపిక ఎవరికుంది? షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలు అక్కడ లక్షకు పైగా ఉన్నాయి, జీతాల పద్దులు, గుర్రాల హాజరుతో సహా. అవి ఫారసీలో, చుక్కలు వదిలేసి గొలుసుకట్టుగా రాసే షికస్తా చేతివ్రాతలో ఉంటాయి. చదవగలిగినవాళ్లు ఈ ఊళ్లోనే వేళ్ల మీద లెక్క. అందుకని అందరూ ఇంగ్లీషులో అచ్చయిన అడ్మినిస్ట్రేషన్ రిపోర్టు తెరిచి అందులోని పట్టికను ఎత్తి కంప్యూటర్లో వేస్తారు. ఆ పట్టిక నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉండే తెల్ల రెసిడెంటుకు చూపించడానికి తయారైంది. మూసీ ఒడ్డు సార్ అన్న కాగితాల చరిత్ర అది కూడా కాదు, అనువాదమైన కాగితాల చరిత్ర.

దండకవిలె

మేడం, మీరు పేరుకు తగ్గట్టే రాశారు. ఒక ప్రశ్న. కాగితం బాగానే ఉన్నప్పుడైనా అంకె ఒక్కటే సరిపోతుందా? 1911లో హైదరాబాదు నగర జనాభా సుమారు 5 లక్షలు, 1921కి సుమారు 4 లక్షలు. మొత్తం రాజ్యమే 1 కోటి 34 లక్షల నుంచి 1 కోటి 25 లక్షలకు పడింది. ప్లేగు, 1918 ఇన్‌ఫ్లుయెంజా అని పుస్తకాల్లో ఉంది. కానీ ప్లేగు వస్తే జనం ఊరు ఖాళీ చేసి బయట గుడిసెలు వేసుకునేవారు గదా. తగ్గిన లక్షలో పోయినవాళ్లెందరు, వెళ్లినవాళ్లెందరు?

ఎక్సెల్ పంతులు

అంకె ఒక్కటే చెప్పదు, పక్క అంకెలు చెప్తాయి. చుట్టుపక్కల తాలూకాల్లో పెరిగారా, ఆడామగా నిష్పత్తి ఎట్లా మారింది, ఏ వయసు పొర పలచబడింది. ఇన్‌ఫ్లుయెంజా ఇరవై నుంచి నలభై ఏళ్ల వాళ్లను ఎక్కువగా తీసుకుపోయింది, ఆ జాడ వయసుల పట్టికలో కనబడాలి.

వయసులు అన్నాను కాబట్టి చెప్తున్నాను, అవి కూడా తప్పులే. పాత జనాభా లెక్కల్లో 30, 40, 50 ఏళ్లవాళ్లు కుప్పలుగా ఉంటారు, 31, 39 ఏళ్లవాళ్లు ఎక్కడో ఒకరు. పుట్టిన ఏడు తెలియక అందరూ గుండు అంకె చెప్పారు. అయితే ఆ కుప్ప ఎంత ఎత్తుందో కొలిచి, ఆ సమాజంలో లెక్కల పరిచయం ఎంతో అంచనా వేస్తారు. తప్పుడు సమాచారం కూడా ఊరికే పోదు సార్.

గడీ మెట్లు

మీ వాదంలోకి ఒక మనిషిని తెస్తాను. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఎవరో అన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశాడు? వ్యాసం రాసి కోప్పడి ఊరుకోలేదు. 1934లో 354 మంది కవులను పోగేసి గోలకొండ కవుల సంచిక వేశాడు. లెక్కతో కొట్టిన దెబ్బ అది. ఆయనే తర్వాత 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చాడు. తెలుగువాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నది కావ్యాల్లోంచి, సామెతల్లోంచి ఏరుకొచ్చాడు. అందులో పట్టికలు లేవు. 1955లో సాహిత్య అకాడెమీ ఇచ్చింది దానికే. రెండు పనులూ ఒక్క మనిషి చేశాడు. మీరేమో రెండు జట్లుగా కూర్చున్నారు.

మూసీ ఒడ్డు

354 సంచికకు దొరికినవాళ్ల సంఖ్య, కవుల సంఖ్య కాదు. పత్రిక అందని ఊళ్లో పదం కట్టిన మనిషి ఎక్కడున్నాడు అందులో?

గడీ మెట్లు

లేడు. అయినా "పూజ్యం" అన్న మాటకు 354 చాలు. సున్నా కాదని చెప్పడానికి అందరినీ లెక్కబెట్టనక్కరలేదు.

షికస్తా

ఇది మంచి మాట. ఎంత లెక్క కావాలన్నది ఏ వాదానికి జవాబిస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. చరిత్రకారిణి సింథియా టాల్బట్ కాకతీయుల కాలపు శాసనాల మీద ఇదే పని చేసింది. 1175 నుంచి 1325 దాకా దానశాసనాలు తీసుకుని దాతల పేర్ల చివర రెడ్డి, సెట్టి, నాయకుడు ఎన్నిసార్లు వచ్చాయో, ఏ ప్రాంతంలో వచ్చాయో లెక్కబెట్టింది. శాస్త్రాల్లో చెప్పే నాలుగు వర్ణాల గొడవ రాళ్ల మీద పెద్దగా కనబడదు, మనిషి చేసే పనీ హోదా కనబడతాయి. ఒక్క శాసనం చదివితే ఆ సంగతి తెలియదు, వందలు చదివితేనే తెలుస్తుంది. రాయి చెక్కించే స్తోమత లేనివాడు అందులో లేడు, అదీ ఆమెకు తెలుసు.

మూసీ ఒడ్డు

నేను మళ్లీ వెట్టి దగ్గరికే వస్తాను. వెట్టివాడు రాయి మీద లేడు, జమాబందీలో (శిస్తు లెక్కలో) లేడు. ఎట్లా లెక్కబెడతారు?

ఎక్సెల్ పంతులు

ఆర్థికవేత్త కేశవ అయ్యంగార్ 1929-30లో నిజాం రాజ్యంలో కొన్ని ఊళ్లు ఎంచుకుని ఇంటింటికీ తిరిగి అప్పులు, కమతాలు రాయించాడు. 1949-51లో మళ్లీ సర్వే చేశాడు. అప్పు కింద కట్టుబడ్డ భగేలా పాలేర్ల మీద నిజాం ప్రభుత్వమే చట్టం తేవలసి వచ్చింది, అంటే ఆ అప్పుపత్రాలు ఎక్కడో నలిగి ఉండాలి. అక్కడ మొదలుపెడదాం.

మూసీ ఒడ్డు

భగేలా వేరు, వెట్టి వేరు. భగేలాకు పత్రం ఉంటుంది, వెట్టికి ఉండదు. చాకలి, మంగలి, మాదిగ కులవృత్తి పేరుతో ఉచితంగా చేసిన పనికి వేలిముద్ర ఎవరడిగారు? దానికి పిల్లగాడి అమ్మమ్మే రికార్డు.

పాలమూరు పిల్లగాడు

మా అమ్మమ్మను రికార్డు చేస్త సార్, ఈ ఆదివారమే. ఒక్క అమ్మమ్మనే గాదు, రెండు గట్ల మీద ఎంతమంది ముసలోళ్లుంటే అంతమందిని. ఒకటే ప్రశ్నలు అడుగుత. అప్పుడు అది మీ లెక్క అయితదా, పంతులన్న లెక్క అయితదా?

దండకవిలె

అది మీరు తెచ్చాక చూద్దాం. ఈలోగా గ్రూపులో ఏం పెట్టమంటారు? ఇది చూడండి: "ఆ పరిశోధన సంస్థానాల సగటు గురించి. హైదరాబాదు గురించి విడిగా ఏమీ చెప్పదు. 1901లో ఇక్కడ చదువొచ్చినవాళ్లు నూటికి ముగ్గురు. జాగీరు ఊళ్ల లెక్కలు సరిగా లేవు కాబట్టి నిజాం పాలన మంచిదో చెడ్డదో అంకెలతో తేల్చలేం."

ఎక్సెల్ పంతులు

చివరి వాక్యం తీసేయండి. ఇంకా తేల్చలేదు, అంతే.

మూసీ ఒడ్డు

చివరి వాక్యం ఉంచండి. మొదటి మూడు తీసేసినా నాకు అభ్యంతరం లేదు.