స్టేజీ మీద డాన్స్ ఫోటోలకి 200 మెగాపిక్సెలా, 3ఎక్స్ జూమ్ లెన్సా?

ప్రశ్న: వచ్చే నెల మా పాప స్కూల్ యాన్యువల్ డే, కూచిపూడి చేస్తోంది. పోయినేడాది నా 108 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీస్తే ముఖం మైనం ముద్దలా, చేతులు అలికేసినట్టు వచ్చాయి. ఫ్రేమ్ కట్టించుకుందామంటే ఒక్కటీ పనికిరాలేదు, ఈసారీ అలాగే అవుతుందేమోనని ఇప్పటినుంచే టెన్షన్. సెకండ్‌హ్యాండ్‌లో రెండు చూశాను: రెడ్‌మీ నోట్ 13 ప్రో ప్లస్ (200 మెగాపిక్సెల్), రియల్‌మీ 12 ప్రో ప్లస్ (50). మనసు 200 వైపే లాగుతోంది. మేం కూర్చునేది పదో వరుసలో. ఏది తీసుకోమంటారు?

జవాబు: పదో వరుస అని చెప్పి మంచి పని చేశారండీ, అసలు సంగతి అక్కడే ఉంది. 200 అని రాసినా మామూలుగా బటన్ నొక్కితే వచ్చే ఫోటో 12.5 మెగాపిక్సెలే, పక్కపక్కన ఉన్న 16 చుక్కల్ని కలిపి ఒకటి చేస్తుంది. మీ పాత 108 కూడా బహుశా తొమ్మిదింటిని కలిపి 12 ఇచ్చేదే. చూడాల్సింది సెన్సర్ (లోపల వెలుగుని పట్టే చిప్) సైజు. రెడ్‌మీది 1/1.4 అంగుళాలు, రియల్‌మీది 1/1.56, కింది అంకె తగ్గేకొద్దీ సెన్సర్ పెద్దదని లెక్క. అంటే దగ్గరగా, ఇంట్లో తీసే ఫోటోలకి రెడ్‌మీ ఏమాత్రం తీసిపోదు. కానీ పదో వరుస నుంచి పాప ముఖం కావాలంటే జూమ్ చేయక తప్పదు కదా, రెడ్‌మీలో జూమ్‌కి వేరే లెన్స్ లేదు, మెయిన్ కెమెరా మధ్య ముక్కనే కత్తిరించి ఇస్తుంది. పగటి వెలుగులో పర్వాలేదు, మసక వెలుగులో తేలిపోతుంది. రియల్‌మీలో 3ఎక్స్‌కి అంటే మూడు రెట్ల జూమ్‌కి, 64 మెగాపిక్సెల్ పెరిస్కోప్ లెన్స్ (ఫోన్ లోపల అడ్డంగా అమర్చే జూమ్ లెన్స్) విడిగా ఉంది. మీ అవసరానికి నా ఓటు దానికే.

ఇంకో మాట, ఓఐఎస్ (లెన్స్‌ని కదిపి వణుకుని సరిచేసే ఏర్పాటు) రెండింటిలోనూ ఉంది, అయితే అది ఆపేది మీ చేతి వణుకునే, పాప చేతి కదలికని కాదు. చేతులు అలికినట్టు రావడానికి కారణం షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండటం. నైట్ మోడ్ అయితే ఇంకా ఎక్కువసేపు తెరుస్తుంది, డాన్స్‌కి అది పెట్టకండి. ప్రో మోడ్‌లో (అన్నీ మనమే సెట్ చేసుకునే మోడ్) షట్టర్ సెకనులో 1/125 వంతు గానీ 1/250 వంతు గానీ పెట్టి ఐఎస్ఓ (ఫోటో వెలుగుని పెంచే సెట్టింగ్) పెంచండి. కొంచెం నలుసులు వస్తాయి, రానివ్వండి, ముద్ర పట్టిన వేళ్ళు మాత్రం విడివిడిగా కనిపిస్తాయి.

ఇంకొకరు: కొనేముందు ఒక పరీక్ష చేయండి. వెలుగు తక్కువైతే చాలా ఫోన్లు 3ఎక్స్ నొక్కినా చెప్పకుండా మెయిన్ కెమెరాతోనే తీసేస్తాయి. 3ఎక్స్ పెట్టి జూమ్ లెన్స్‌ని వేలితో మూయండి, స్క్రీన్ నల్లబడితే ఆ లెన్సే పనిచేస్తున్నట్టు, బొమ్మ అలాగే ఉంటే మెయిన్ కెమెరా అన్నమాట. మూసిన వెంటనే చూడండి, ఆలస్యమైతే ఫోన్ చీకటి అనుకుని మెయిన్‌కి మారిపోవచ్చు. శాంపిల్ ఫోటోలు ఇంటికి తెచ్చుకోవాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపించుకోండి, మామూలుగా పంపితే ఫోటోని కుదించి నాణ్యత తగ్గించేస్తుంది, అది చూసి ఏ కెమెరా బాగుందో తేల్చలేం.

అడిగినవారు: ఈరోజు వెళ్ళి చూశానండీ. షాపులో ట్యూబ్‌లైట్ కింద వేలు పెడితే వెంటనే నల్లబడింది. రియల్‌మీకే అడ్వాన్స్ ఇచ్చేశా. అన్నట్టు, పోయినసారి స్టేజీ లైట్లకి ముఖాలు తెల్లగా మాడిపోయినట్టు కూడా వచ్చాయి, దానికేం చేయాలి?

జవాబు: హాలంతా చీకటి, పాప మీద మాత్రం లైటు. ఫోన్ ఆ చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది. ఆటోలో తీస్తుంటే ముఖం మీద వేలితో నొక్కండి, పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కాస్త కిందికి జరపండి. ప్రో మోడ్‌లో అయితే షట్టర్ అలాగే ఉంచి, ముఖం తెల్లబడకుండా ఉండేంతవరకు ఐఎస్ఓ తగ్గించండి. వీలైతే లైట్లు వేసి చేసే రిహార్సల్‌కి వెళ్ళి పదో వరుసలోనే కూర్చుని నాలుగు తీసి చూసుకోండి. లెన్స్ మాత్రం మెత్తటి గుడ్డతో తుడవడం మర్చిపోవద్దు.