రైల్వే కోచింగ్ డిపోలో (ప్రయాణికుల కోచ్‌లు చూసే చోట) కొత్త టెక్నీషియన్లకి సేఫ్టీ క్లాసు: హెల్మెట్, బూట్లు కాకుండా ఇంకేం చెప్పాలి?

సిక్‌లైన్_శిక్షణ (ప్రశ్న)

కొత్తగా చేరిన టెక్నీషియన్లు, యాక్ట్ అప్రెంటిస్‌లు (అప్రెంటిస్ చట్టం కింద శిక్షణకి వచ్చేవాళ్లు) కలిపి ఒక బ్యాచ్ వస్తోంది. రెండు రోజుల సేఫ్టీ క్లాసు నా మీద పడింది. పిట్‌లైన్ (కోచ్ కిందకి దిగి చూసే గుంట ఉన్న లైన్), సిక్‌లైన్ (పాడైన కోచ్‌లు బాగుచేసే లైన్) రెండూ ఉన్న డిపో మాది. ఐసీఎఫ్ (పాత రకం), ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) కోచ్‌ల రేకులు, అంటే బండి మొత్తం కోచ్‌ల వరసలు, రెండూ వస్తాయి. చేతిలో ఉన్న స్లైడ్లలో హెల్మెట్ బొమ్మ, బూట్ల బొమ్మ, "అప్రమత్తంగా ఉండండి" తప్ప సరుకు లేదు. బ్రేక్ బ్లాక్ మార్చడం, కోచ్ లిఫ్టింగ్, ఎల్‌హెచ్‌బీ కరెంటు: వీటిలో ఏది ఎలా చేయించాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఆరోగ్యం గురించి కూడా ఒక గంటైనా పెట్టాలి.

పిట్‌లైన్_రాత్రిషిఫ్ట్

మొదటి పూట క్లాస్‌రూమ్ తలుపే తీయకండి సార్. రేకు ప్లేస్ అయిన పిట్‌లైన్ దగ్గరికి తీసుకెళ్లి, "ఈ లైన్ మీదకి ఇంకో ఇంజన్ రాకుండా ఎవరు ఆపారు, ఎలా ఆపారు?" అని అడగండి. జవాబు రాకపోతే క్లాసు అక్కడే మొదలైనట్టు.

చేయించాల్సిన వరస ఇది. యార్డు వాళ్లతో మెమో రాసుకోవాలి. పాయింట్లు (బండి పట్టాలు మారే చోట్లు) మన లైన్‌లోకి బండి రాకుండా సెట్ చేయించి, క్లాంపు వేసి తాళం పెట్టాలి. తాళంచెవి ఆ షిఫ్టు ఎస్‌ఎస్‌ఈ (సీనియర్ సెక్షన్ ఇంజనీర్) దగ్గరే ఉండాలి. రేకు రెండు చివర్లా పగలైతే ఎర్ర జెండా, రాత్రైతే ఎర్ర దీపం. ఇవన్నీ అయ్యాకే పిట్‌లోకి కాలు పెట్టాలి.

అసలు తేడా కొట్టేది జెండా తీసేటప్పుడు. ఒకే రేకు మీద సీ అండ్ డబ్ల్యూ (క్యారేజ్ అండ్ వ్యాగన్, అంటే మెకానికల్), ఎలక్ట్రికల్, క్లీనింగ్ అని మూడు గ్యాంగులు ఉంటాయి. మెకానికల్ వాళ్ల పని అయిపోతుంది, జెండా తీసేస్తారు. ఏసీ యూనిట్ చూసేవాడు ఇంకా కోచ్ కిందే ఉంటాడు. మూడు గ్యాంగుల నుంచీ "మావాళ్లు బయటికొచ్చారు" అని సంతకం పడేదాకా ఒక్క జెండా కూడా కదలకూడదు. షిఫ్టు మారే అరగంటలో ఈ రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంటుందో ముందే తేల్చి చెప్పండి.

డీవీ_బెంచ్

బ్రేక్ బ్లాక్ సంగతి నేను చెప్తాను. బీపీ (బ్రేక్ పైపు) 5 కేజీ, ఎఫ్‌పీ (ఫీడ్ పైపు) 6 కేజీ, చదరపు సెంటీమీటర్‌కి, అని అందరికీ నోటికొచ్చు. బీపీలో గాలి తగ్గితే బ్రేక్ పడుతుందన్నది మాత్రం కోచ్ కిందకి దూరేటప్పుడు గుర్తుండదు. బ్రేక్ సిలిండర్‌లోకి వచ్చే గాలి పక్కనున్న 200 లీటర్ల ఆక్సిలరీ రిజర్వాయర్ (ఏఆర్, గాలి నిల్వ ట్యాంకు)ది. ఇంజన్ తీసేసిన రేకులోనూ ఆ గాలి అలాగే ఉంటుంది. సిలిండర్ కోచ్ అడుగు ఫ్రేముకి బిగించి ఉండే (అండర్‌ఫ్రేమ్ మౌంటెడ్) ఐసీఎఫ్ కోచ్‌లో సిలిండర్ 355 ఎంఎం. 3.8 కేజీ ప్రెషర్‌తో లెక్కేస్తే దాదాపు 3,760 కిలోల తోపుడు. ఈ లెక్క మీరు చెప్పకండి, బోర్డు మీద వాళ్లతోనే వేయించండి.

ఎక్కువమంది చేసే పని ఏంటంటే, డీవీ (డిస్ట్రిబ్యూటర్ వాల్వు, బీపీ గాలి తగ్గితే సిలిండర్‌లోకి గాలి పంపేది) రిలీజ్ హ్యాండిల్ ఒక్కసారి లాగి, బుస్సుమని గాలి పోగానే కిందకి దూరడం. ఆ సమయానికి రేకు అటు చివర రేక్ టెస్ట్ రిగ్ (ఇంజన్ లేకుండా రేకుకి గాలి పెట్టి బ్రేక్ పరీక్షించే యంత్రం) దగ్గరున్నవాడు బీపీని మళ్లీ 5కి ఛార్జ్ చేసి, టెస్టు కోసం 1.6 తగ్గించాడనుకోండి. ఐసొలేట్ చెయ్యని (గాలి దారి నుంచి విడగొట్టని) ప్రతి కోచ్‌లోనూ పిస్టన్ బయటికొస్తుంది. అప్పుడు బ్లాక్‌కీ చక్రానికీ మధ్య వేళ్లుంటే ఇక చెప్పేదేముంది.

కాబట్టి ముందు రిగ్ వాల్వు మూయించి, దానికి పేరు రాసిన ట్యాగ్ కట్టాలి. తర్వాత కోచ్ డీవీ ఐసొలేట్ చేసి రిలీజ్ హ్యాండిల్ లాగాలి. ఏఆర్ డ్రెయిన్ కాక్ (నిల్వ గాలి వదిలే వాల్వు) తెరిచి చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండాలి. పిస్టన్ లోపలికి పోయిందో లేదో కంటితో చూసి, బ్లాక్ కదులుతోందో లేదో బయటి నుంచి కదిపి చూడాలి. అప్పుడే స్లాక్ అడ్జస్టర్ (బ్లాక్‌కీ చక్రానికీ మధ్య సందు సరిచేసేది) బ్యారెల్ తిప్పి, సందు చేసుకుని, బ్లాక్‌ని పట్టి ఉంచే కీ తీసి బ్లాక్ మార్చాలి. కీ దూర్చే రంధ్రాలు కలిశాయా లేదా అని వేలు పెట్టి చూసే అలవాటు ఉంటుంది, దాన్ని మొదటి రోజే మాన్పించండి. రంధ్రాలు కలపడానికి టామీ బార్ ఉంది కదా.

పనయ్యాక డ్రెయిన్ కాక్ మూసి, డీవీ మళ్లీ సర్వీసులోకి తెచ్చి, బ్రేక్ వేసి వదిలి చూడాలి. ఐసొలేట్‌లోనే మర్చిపోతే ఆ కోచ్‌కి బ్రేకే లేనట్టు.

హోస్ పైపుల గురించి ఒక్క ముక్క. బీపీ ఆకుపచ్చ, ఎఫ్‌పీ తెలుపు. విడదీసే ముందు రెండు వైపులా యాంగిల్ కాక్‌లు (పైపు చివరి వాల్వులు) మూయాలి. మూసినప్పుడు హోస్‌లో మిగిలిన గాలి కాక్‌కి ఉన్న వెంట్ రంధ్రంలోంచి పోతుంది. ఆ రంధ్రం మట్టితో పూడిపోయి ఉంటే గాలి లోపలే నిలుస్తుంది, కప్లింగ్ విప్పగానే హోస్ ఎగిరి మొహానికి కొడుతుంది. కాక్ మూశాక గాలి పోయిన చప్పుడు రాలేదంటే చెయ్యి పెట్టొద్దు.

ఎల్‌హెచ్‌బీ_కరెంట్

పై అన్న చెప్పింది ఎల్‌హెచ్‌బీకీ వర్తిస్తుంది, కాకపోతే అక్కడ డిస్కు, ప్యాడ్లు. "ఇండికేటర్ పచ్చగా ఉందిగా" అంటారు. ఈ క్షణం బ్రేక్ వదిలి ఉందనే ఆ పచ్చరంగు చెప్తుంది. ఇంకో నిమిషంలో పడదని చెప్పదు. బోగీ (ఇక్కడ కోచ్ కాదు, దాని కిందుండే చక్రాల ఫ్రేము) ఐసొలేటింగ్ కాక్ మూసి, సిలిండర్ గాలి పోయిందని చూసుకున్నాకే కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) దగ్గరికి వెళ్లాలి.

కరెంటు విషయం. ఈ రేకుల్లో 750 వోల్టుల త్రీ ఫేజ్, రెండు ఫీడర్లు (సప్లై లైన్లు). రెండు చివర్లా పవర్ కార్లు, హెచ్‌ఓజీ (హెడ్ ఆన్ జనరేషన్) అయితే ఇంజన్ నుంచి, పిట్‌లో ప్రీకూలింగ్‌కి బయటి సప్లై. "ఇటు పవర్ కార్ ఆపేశాం" అన్నంత మాత్రాన కోచ్‌ల మధ్య కరెంటు కప్లర్ చావదు. ఎన్ని వైపుల నుంచి కరెంటు వచ్చే వీలుందో అన్ని వైపులా ఆఫ్, తాళం, ట్యాగ్. ఆపైన టెస్టర్‌తో చూసి అప్పుడు కప్లర్ ముట్టుకోవాలి.

రూఫ్ ఎక్కడం అసలు వేరే క్లాసు. పైనున్న 25 కేవీ (25,000 వోల్టుల) తీగకి రెండు మీటర్ల లోపలికి మనిషి గానీ, చేతిలో పనిముట్టు గానీ వెళ్లాలంటే టీఆర్‌డీ (ఆ తీగ చూసే విభాగం) వాళ్ల పవర్ బ్లాక్ (తీగలో కరెంటు ఆపడం), చేతికి రాతపూర్వకంగా పర్మిట్ ఉండాలి. డిశ్చార్జ్ రాడ్ (తీగని ఎర్త్ చేసే కడ్డీ) ముందు రైలు పట్టాకి బిగించి, తర్వాత తీగకి తగిలించాలి. తీసేటప్పుడు ముందు తీగ, తర్వాత పట్టా. వరస తిరగబడితే రాడ్ పట్టుకున్నవాడే ఎర్త్ అవుతాడు. కోచ్ కడిగేవాళ్ల పొడుగు కర్ర బ్రష్షులు, నీళ్ల పైపు ధార కూడా ఈ లెక్కలోకే వస్తాయని చెప్పండి, చాలామందికి తట్టదు.

సిక్‌లైన్_శిక్షణ

ధన్యవాదాలండీ. లిఫ్టింగ్ గురించి ఎవరైనా? స్లైడులో "జాకుల కింద నిలబడరాదు" అని ఒక్క లైనే ఉంది.

జాక్_ట్రెసిల్

జాకు విఫలమవడం కన్నా, కోచ్‌కీ బోగీకీ మధ్య ఏదో ఒకటి విప్పడం మర్చిపోవడమే ఎక్కువ. బ్రేక్ పుల్ రాడ్, షాక్ అబ్జార్బర్లు, సేఫ్టీ స్ట్రాప్‌లు, ఎర్తింగ్ తీగలు, ఆల్టర్నేటర్ కేబుల్, ఎల్‌హెచ్‌బీలో స్పీడ్ సెన్సర్ కేబుళ్లు, యాంటీ రోల్ బార్ లింకులు. వీటి జాబితా కాగితం మీద ఉండాలి, ఒకడు చదవాలి, ఇంకొకడు చేత్తో ముట్టుకుని "విప్పాను" అనాలి.

బోగీల చక్రాలకి చెక్క చీలికలు వేసి, నాలుగు జాకులూ బాడీ మీద గుర్తించిన లిఫ్టింగ్ ప్యాడ్ల కిందే పెట్టి, ఒక్క మనిషి మాటతోనే ఎత్తాలి. ఓ 50 ఎంఎం లేచాక ఆపి చుట్టూ తిరిగి చూడాలి. ఏ తీగైనా బిగుసుకుంటే అక్కడే కనిపిస్తుంది. కావలసిన ఎత్తు రాగానే ట్రెసిల్స్ (బరువు మోసే స్టాండ్లు) పెట్టి బరువు వాటి మీదకి దించాలి. జాకు ఎత్తడానికే, కింద మనిషి పనిచేసేటప్పుడు మోయడానికి కాదు.

కార్‌మ్యాన్_ఇల్లినాయ్

ఇక్కడ అమెరికాలో ఎర్ర జెండాకి బదులు నీలం వాడతారు. ఎఫ్‌ఆర్‌ఏ (ఇక్కడి కేంద్ర రైల్వే నియంత్రణ సంస్థ) నిబంధనల్లో పార్ట్ 218. నీలం సిగ్నల్ ఉన్న బండిని కదపకూడదు, ఆ సిగ్నల్‌ని పెట్టిన క్రాఫ్ట్ (పని విభాగం) వాళ్లే తీయాలి. యార్డు ట్రాక్ మీద ప్రతి స్విచ్‌కీ (అక్కడ మీరనే పాయింట్) తాళం వేయాలి, లేదంటే బండికి కనీసం 150 అడుగుల దూరంలో డీరైల్ (వచ్చే బండిని పట్టా తప్పించి ఆపే పరికరం) పెట్టి తాళం వేయాలి. కార్ షాపు ప్రాంతంలో వేగం గంటకి 5 మైళ్లకి మించకపోతే ఆ దూరం 50 అడుగులకి తగ్గుతుంది. రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన మూడు గ్యాంగుల గొడవకి ఇక్కడి జవాబు అదే: ప్రతి క్రాఫ్ట్‌కీ తన జెండా తనదే.

డిపో_హెల్త్

ఆరోగ్యానికి మూడు విషయాలు చాలు, నాలుగోది చెప్పినా గుర్తుండదు.

మోత: మన లెక్కల్లో 8 గంటలకి 90 డెసిబెల్స్ హద్దు. 95 అయితే 4 గంటలు, 100 అయితే 2. గ్రైండర్, పవర్ కార్ దగ్గర చెవి ప్లగ్గు ఎలా పెట్టాలో చేయించండి. పైనుంచి చెవి లాగి, నలిపిన ప్లగ్గు పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. ఊరికే చెవిలో దూర్చుకుంటే ఫలితం సగం కూడా ఉండదు.

దుమ్ము: బ్రేక్ దుమ్ముని ఎయిర్ పైపుతో ఊదొద్దు. తడిగుడ్డతో తుడవాలి. అదే పైపుతో ఒంటి మీద బట్టలు దులుపుకోవడం కూడా ఆపించండి, గాలి చర్మంలోకి దూరుతుంది.

బయోటాయిలెట్ ట్యాంకు: లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. కుళ్లిన గుడ్డు వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందని కాదు, ఎక్కువైతే ముక్కే పనిచెయ్యదు. ట్యాంకు తెరిచేటప్పుడు గాలి వచ్చే వైపు నిలబడాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, పొడుగు గ్లౌజులు, కళ్లకి అద్దాలు ఉండాలి.

ఇంకో మాట. కాంట్రాక్టు క్లీనింగ్ వాళ్లు మీ లిస్టులో లేరు కదా? వాళ్లూ అదే పిట్‌లో దిగుతారు. మొదటి పూటకైనా వాళ్లని పిలవండి.

సిక్‌లైన్_శిక్షణ

పిలుస్తాను. రెండో రోజు చివర్లో రాతపరీక్ష పెట్టమంటున్నారు.

డీవీ_బెంచ్

రాతపరీక్ష ఫైలుకి పెట్టుకోండి. అసలు పరీక్షకి, ఛార్జ్ అయి ఉన్న కోచ్ ఒకటి ఇచ్చి, "బ్లాక్ మార్చడానికి సిద్ధం చెయ్" అని ఒక్కొక్కడికీ విడిగా చెప్పండి. రిగ్ దగ్గర ట్యాగ్ కట్టకుండా నేరుగా డీవీ దగ్గరికి వెళ్లినవాడిని అక్కడే ఆపి, మళ్లీ మొదటి నుంచి చేయించండి.