తాహో అంటే సరస్సా, కారా, మ్యాక్ అప్‌డేటా?

ఎంవీపీ కాలనీ: అమెరికాలో ఉన్న అన్నయ్య "తాహో వేసుకున్నావా" అని మెసేజ్ పెట్టాడు. వెతికితే ముందు సరస్సు ఫొటోలు, తర్వాత ఇంత పెద్ద షెవర్లే కారు, ఎక్కడో కింద మ్యాక్‌ఓఎస్ వచ్చాయి. నాది 2020 ఇంటెల్ చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్, ఎక్కుతుందా?

గాజువాక కుర్రాడు: ఎక్కదు గురూ. ఇంటెల్ వాటిలో 2019 నాటి 16 అంగుళాల ప్రో లాంటి కొన్నిటికే ఇచ్చారు, ఇంటెల్‌కి ఇదే ఆఖరుది కూడా. దీని ముందు వెర్షన్ సెకోయాలో ఉండిపో. "మ్యాక్‌ఓఎస్ 26" అని, అంటే తాహో నంబరుతో కొట్టు, కార్లు రావు.

సీతమ్మధార: సరస్సు కాలిఫోర్నియా, నెవాడా మధ్య ఉంది, లోతు 501 మీటర్లు, మన కైలాసగిరిని దింపినా మునిగిపోతుంది. 2013లో మ్యాక్ వెర్షన్ మావెరిక్స్‌తో మొదలుపెట్టి ఆపిల్ కాలిఫోర్నియా పేర్లే పెడుతోంది. షెవర్లే 1995 మోడల్‌కే తాహో పేరు వాడేసుకుంది, పాపం సరస్సుని అడిగేవాళ్లెవరు!

ఎంవీపీ కాలనీ: థాంక్స్. కారైతే మా సందులో తిరగదులెండి.