యెజ్డీ 250 సైలెన్సర్ నట్టు ఊడిరావడం లేదు, సలహా ఇవ్వగలరు

మా నాన్నగారు వాడిన 1978 నాటి యెజ్డీ 250 బండికి ఎడమ సైలెన్సర్ అడుగున చిటికెనవేలు దూరేంత చిల్లు పడింది. దాన్ని విప్పి గ్యాస్ వెల్డింగ్ చేయిద్దామంటే, ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పొగ చేర్చే బెండు పైపును బ్యారెల్‌కు (ఇంజన్ సిలిండర్‌కు) బిగించే రెక్కల నట్టు తుప్పుతోనూ టూ స్ట్రోక్ ఆయిల్ మసితోనూ బిగుసుకుపోయి, మూడు రోజులుగా డీజిల్ పోసి నానబెట్టినా కదలడం లేదు. ఒక మెకానిక్ ఉలి పెట్టి కొట్టగానే ఒక రెక్క విరిగింది, వెంటనే ఆపించాను. నట్టు పోతే మరొకటి వెతుక్కోవచ్చు గానీ, బ్యారెల్ మరలు చెడితే ఆ నష్టం పూడ్చలేనిది. నట్టును మాత్రమే వేడిచేసి సి-స్పానర్‌తో (నట్టు చుట్టూ పట్టే సి ఆకారపు పానాతో) తిప్పడం క్షేమమేనా, లేక రంపంతో నిలువునా కోసి తీయడమే మేలా? అలాగే, సైలెన్సర్ లోపలి మసి వదిలించడానికి కాస్టిక్ సోడాలో నానబెడితే క్రోమ్ పూత దెబ్బతింటుందా? స్వయంగా చేసినవారు దయచేసి వివరించగలరు.